స్కీల కోసం లక్షా ముప్పై వేలకు ఈఎంఐ పెట్టవచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విజయనగరం కంటోన్మెంటులో ఉంటూ ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మ్యూనిక్‌లో ఐదేళ్లు పనిచేసినప్పుడు స్కీయింగ్ నేర్చుకున్నాను. ఇప్పటికీ కంపెనీ పని మీద ఫిబ్రవరిలో ఒకసారి, ఈస్టరు ముందు ఒకసారి అక్కడికి వెళ్తాను. వెళ్లినప్పుడల్లా సెలవు పెట్టి ఆస్ట్రియాలో ఆరేసి రోజులు స్కీయింగ్ చేస్తాను. నాకు ఇష్టం చదును చేసిన వాలు మీద వేగంగా, అంచుల మీద కోసుకుంటూ దిగడం. ఎత్తు 176 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. బూట్లు తొమ్మిదేళ్ల క్రితం పాతవిగా కొన్నవి, మడమ దగ్గర వదులయ్యాయి. జీతం చేతికి 1,10,000 రూపాయలు. గృహరుణ వాయిదా 38,000తో కలిపి ఖర్చు 80,000. నెలకు 10,000 సిప్ కడుతున్నాను. అత్యవసర నిధి 2 లక్షలుంది. సిరిమానోత్సవం నాటికి వచ్చిన బోనస్ లక్షన్నర కూడా ఉంది. బోనస్ కదపకుండా 1,300 యూరోల రేస్ స్కీలను క్రెడిట్ కార్డు ఈఎంఐలో తీసుకోవాలనుకుంటున్నాను. సలహా ఇవ్వగలరు.

జవాబు: శ్రీకాకుళంలో కూర్చుని స్కీల గురించి రాయవలసి వస్తుందని నేను ఎన్నడూ అనుకోలేదు. నేను మంచును చూసింది గుల్‌మార్గ్‌లో ఒక్కసారే, అదీ గొండోలాలో కూర్చుని. అందువల్ల మీ ప్రశ్నను నా దగ్గర పెట్టుబడులు పెట్టే ఒక విశ్రాంత సైనికుడి ముందుంచాను. ఆయన గుల్‌మార్గ్‌లోని సైన్యపు హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌లో కొన్నేళ్లు స్కీయింగ్ నేర్పినవారు. ఆయన చెప్పినదానికి తయారీదారుల కొలతల పట్టికల్లో నేను చూసుకున్నవి జోడించి, లెక్క మాత్రం నాదిగా ఈ జవాబు రాస్తున్నాను. లెక్క సౌలభ్యం కోసం యూరోను వంద రూపాయలుగా తీసుకున్నాను.

మీ ఉత్తరం చదవగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న స్కీల గురించి కాదు, బూట్ల గురించి. కాలు తిప్పిన బలం బూటు ద్వారానే స్కీ అంచుకు చేరుతుంది కాబట్టి, మడమ లోపల కదిలే బూటుతో ఎంత ఖరీదైన స్కీ తొడిగినా ఆ ఆదేశం ఆలస్యంగానే అందుతుంది, వేగం పెరిగేకొద్దీ ఆ ఆలస్యం ప్రమాదంగా మారుతుంది. మీ బరువుకూ నైపుణ్యానికీ 120 ప్రాంతపు ఫ్లెక్స్ (బూటు ఎంత గట్టిగా ఉంటుందో చెప్పే అంకె) ఉన్న బూటు సరిపోతుందని ఆయన అభిప్రాయం. బూట్లను మాత్రం ఆన్‌లైన్‌లో కొనవద్దు. ఫిబ్రవరి ప్రయాణంలో పాదం కొలిచి, అవసరమైతే ప్లాస్టిక్‌ను వేడిచేసి సరిచేసే దుకాణంలో కొనండి. నిరుటి నమూనా అయితే 350 యూరోలలో దొరకడం కష్టం కాదు. బూట్ల విషయంలో ఇంతకంటే పొదుపు చేయమని నేను చెప్పను.

ఇక ఈఎంఐ. విదేశీ కరెన్సీలో చేసే కొనుగోలుపై చాలా కార్డులు 3.5 శాతం వరకు అదనపు రుసుము వేస్తాయి, ఆ రుసుము మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 1,30,000 మీద ఇది దాదాపు 5,370 రూపాయలు. ఆ మొత్తాన్ని మీ బ్యాంకు 16 శాతం వడ్డీతో 12 వాయిదాలుగా మార్చిందనుకుంటే, నెలకు సుమారు 11,800 కడుతూ ఏడాదిలో 11,500 పైచిలుకు వడ్డీనీ, దాని మీద మళ్లీ 2,000 రూపాయల జీఎస్టీనీ చెల్లిస్తారు. అంతా కలిపితే 19,000. నేను కింద సూచించే స్కీల ధరలో ఇది ఐదింట రెండు వంతులు. చేతిలో బోనస్ ఉండగా దానిని పొదుపు ఖాతాలో నిద్రపుచ్చి ఇంత వడ్డీ కట్టడంలో నాకు అర్థం కనిపించలేదు. యూరోలు నింపుకున్న ఫారెక్స్ కార్డుతో చెల్లిస్తే ఆ అదనపు రుసుము కూడా తప్పుతుంది.

అసలు కొనాలా, అద్దెకు తీసుకోవాలా అన్నది మీరు అడగలేదు గాని, నేను ముందుగా చూసింది దానినే. మీరు కోరే తరగతి స్కీలకు రోజుకు 35 యూరోల అద్దె అనుకున్నా, 12 రోజులకు 420 యూరోలు, అంటే ఏటా 42,000 రూపాయలు. మీరు ఏడాదికి నాలుగైదు రోజులే వెళ్లేవారైతే అద్దెకే ఓటు వేసేవాడిని. 12 రోజులు గనుక కొనడమే సబబు, అయితే 1,300 యూరోలవి కావు.

ఆ రేస్ స్కీలు ఎందుకు వద్దంటున్నానంటే, ధర ఒక్కటే కారణం కాదు. పోటీల కోసం చేసిన జెయింట్ స్లాలమ్ (పెద్ద మలుపులతో వేగంగా దిగే పోటీ) స్కీల మలుపు వ్యాసార్థం, అంటే అంచు మీద వాల్చినప్పుడు స్కీ తిరిగే వలయపు వ్యాసార్థం, పురుషులకు 30 మీటర్లు. దానిని వంచాలంటే మూసివేసిన పోటీ వాలు మీద ఉండే వేగమూ బలమూ కావాలి, సెలవుల్లో జనంతో నిండిన వాలు మీద ఆ వేగానికి చోటుండదు. చిన్న మలుపుల పోటీకి చేసే స్లాలమ్ రకం అందుకు పూర్తిగా వ్యతిరేకం. 12, 13 మీటర్ల వ్యాసార్థంతో చకచకా తిరుగుతుంది గాని, పొడవైన మలుపులో వేగం హెచ్చితే స్థిమితంగా ఉండనివ్వదు. మీకు కావలసింది ఈ రెండింటి నడుమ ఉంది: నడుము (స్కీ మధ్యభాగం) వెడల్పు 66 నుంచి 72 మిల్లీమీటర్లు, వ్యాసార్థం 14 నుంచి 17 మీటర్లు, పొడవు 170 సెంటీమీటర్ల చుట్టుపక్కల, లోపల టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రమలోహపు రేకులు రెండు. వేగంలో, గట్టి మంచు మీద స్కీ కొట్టుకోకుండా పట్టి ఉంచేది ఆ లోహమే. ఆటమిక్ రెడ్‌స్టర్, ఫిషర్ ఆర్‌సీ4, హెడ్ వరల్డ్‌కప్ రెబెల్స్, రోసిన్యోల్ హీరో, ఫోల్కెల్ రేస్‌టైగర్ వరుసలన్నింటిలో ఇలాంటివి వస్తున్నాయి. అయితే ఒకే పేరుతో, ఒకే రంగుతో, లోహం లేని చవక నమూనాలూ పక్కనే అమ్ముతారు కాబట్టి, పేరు చూసి కాక నిర్మాణ వివరాలు చదివి ఎంచుకోండి.

ఫిబ్రవరిలో ఇలాంటివి రెండు మూడు జతలను పరీక్ష కోసం అద్దెకు తీసుకోండి. తర్వాత అక్కడే కొంటే ఆ అద్దెను ధరలో తగ్గించే దుకాణాలున్నాయి, ముందే అడగాలి. నచ్చినదాన్ని ఈస్టరు ప్రయాణంలో, సీజను ముగింపు తగ్గింపులో కొనండి. బైండింగులతో (బూటును స్కీకి పట్టి ఉంచి, పడినప్పుడు వదిలే బిగింపులతో) కలిపి 450 యూరోలు హద్దుగా పెట్టుకోండి. నచ్చిన రంగు దొరకకపోవచ్చు, అంతే.

వాడినవి దొరికితే ఇంకా చవకే. కాని మానాపురం సంతలో ఎద్దును కొనేవాడు పళ్లూ గిట్టలూ చూడకుండా డబ్బు లెక్కపెట్టడు గదా. స్కీకి పళ్లంటే ఉక్కు అంచులు. ప్రతిసారి యంత్రం మీద సానపట్టినప్పుడు అవి కొంత అరుగుతాయి, సన్నబడిపోయిన అంచుకు మళ్లీ ప్రాణం పోయలేం. పైపొరలు విడిపోతున్నా, అడుగున లోపలి చెక్క కనిపించేంత గాటు పడినా వదిలేయండి. అన్నింటికంటే పెద్ద మోసం బైండింగులో ఉంటుంది. మీరు కొనే కొత్త బూట్లకు గ్రిప్‌వాక్ అడుగు (నడవడానికి వీలుగా వంపు తిరిగిన అట్ట) ఉంటే, పాత బైండింగులు చాలావరకు దానిని అంగీకరించవు. తయారీదారు మద్దతు ఆపేసిన బైండింగులను దుకాణాలు సర్దడానికే ఒప్పుకోవు. అప్పుడు 200 యూరోలకు కొన్న స్కీలకు మరో 150 తోడవుతాయి. బైండింగు విడుదల బిగింపును మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు చూసి వర్క్‌షాపులోనే పెట్టించండి, స్నేహితుడి స్క్రూడ్రైవరుతో వద్దు.

ఇప్పుడు బోనస్ సంగతి. బూట్లు 35,000, స్కీలు 45,000, ఏడాది పొడవునా అంచుల సాన, మైనపు పూతకు 4,000 కలిపి 84,000 అవుతాయి. మిగిలిన 66,000 అత్యవసర నిధిలో వేస్తే అది 2,66,000కు చేరుతుంది. ఆరు నెలల ఖర్చు 4,80,000 కాబట్టి ఇంకా 2,14,000 లోటు. నెలనెలా మిగిలే 30,000లో సిప్ పోగా, 18,000 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, ఏడాదిలో అసలే 2,16,000 అవుతుంది. ఈస్టరు వరకు ఆగే 45,000ను స్వల్పకాలిక ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచండి. లిఫ్టు టికెట్లకు ప్రయాణ భత్యంలో మిగిలే సొమ్ము వాడతారనుకుంటున్నాను. పెద్ద కేంద్రాల్లో ఒక రోజు టికెట్టే 70 యూరోలు దాటింది, అంటే ఏటా మీ స్కీలకంటే లిఫ్టులకే ఎక్కువ పోతుంది. భత్యం ఆగిపోయిన ఏడాది ఈ ప్రయాణాన్ని మళ్లీ లెక్క కట్టాలి.

ఒక్క ఖర్చును మాత్రం కోయవద్దు. మామూలు ప్రయాణ బీమాలు చాలావాటిలో స్కీయింగ్ గాయాలు మినహాయింపు కింద ఉంటాయి, ఆస్ట్రియాలో వాలు మీద నుంచి హెలికాప్టరులో తీసుకువెళ్తే బిల్లు కొన్ని వేల యూరోలు వస్తుంది. శీతాకాల క్రీడలు చేర్చిన పాలసీ తీసుకోండి, లేదా రక్షణ ఖర్చుల బీమా కలిసి ఉండే ఆస్ట్రియా ఆల్పైన్ క్లబ్బు సభ్యత్వం తీసుకోండి. మీ కంపెనీ పాలసీ సొంత సెలవు రోజులకు వర్తిస్తుందో లేదో లిఖితపూర్వకంగా అడగండి.

స్కీలను విజయనగరం తేవద్దు. విమానంలో సామాను రుసుము, కస్టమ్స్ లెక్క అటుంచి, మన వానాకాలపు తేమకు ఆ అంచులు రెండు నెలల్లో తుప్పు పడతాయి. మ్యూనిక్‌లో నమ్మకమైన మిత్రుల ఇంట, తుడిచి, అంచులు మునిగేలా మందంగా మైనం పూసి, పొడి గదిలో నిలబెట్టి రండి.