గుంటూరు మార్కెట్లో దొరికే హైబ్రిడ్ టమాటా, పత్తి గింజల నూనె జీఎం (జన్యుమార్పిడి చేసిన) సరుకేనా? తింటే క్యాన్సర్ వస్తుందా?

హైబ్రిడ్ టమాటా జీఎం కాదు. రెండు టమాటా రకాలను పరాగసంపర్కంతో కలిపితే వచ్చేదే హైబ్రిడ్. మన దేశంలో రైతులు అనుమతితో జీఎం పంటగా సాగు చేస్తున్నది బీటీ పత్తి (పురుగును చంపే ప్రోటీన్ తయారయ్యేలా ఒక బ్యాక్టీరియా జన్యువును చేర్చిన పత్తి) ఒక్కటే, దానికి 2002లో అనుమతి వచ్చింది. బీటీ వంకాయను 2010లో కేంద్రం ఆపేసింది.

కాబట్టి అడగాల్సింది పత్తి గింజల నూనె గురించే. గుంటూరు చుట్టుపక్కల వేసే పత్తి దాదాపు అంతా బీటీయే. అందులోని బీటీ ప్రోటీన్ కాయతొలుచు పురుగు పేగులోని ప్రత్యేక గ్రాహకాలకు అతుక్కుని దాన్ని చంపుతుంది. మన పేగులో ఆ గ్రాహకాలు లేవు. పైగా రిఫైన్ చేసిన నూనెలో ప్రోటీన్ దాదాపు మిగలదు. దాంతో క్యాన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఆధారం లేదు, దయచేసి ఇంట్లో పెద్దవాళ్లను భయపెట్టకండి. నిజంగా జాగ్రత్తపడాల్సింది గాసిపాల్ విషయంలో. అది బీటీ కాని పత్తి గింజలోనూ సహజంగా ఉండే విషపదార్థం, రిఫైనింగ్‌లో పోతుంది. అందుకే శుద్ధి చేయని పత్తి గింజల నూనె వంటకు వాడకూడదు.

బీటీ వేస్తే పురుగుమందే అక్కర్లేదన్న ప్రచారమూ తప్పే. గులాబీ రంగు పురుగు ఆ ప్రోటీన్‌ను తట్టుకునే శక్తి తెచ్చుకుంది. రసం పీల్చే పురుగుల మీద అది మొదటి నుంచీ పనిచేయదు.