మూడుతో పోయే సంఖ్యకు శేషం రెండెలా వచ్చింది?

ప్రశ్న: కాజీపేటలో ఎనిమిదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతాను. భాజనీయతా సూత్రం చూపిద్దామని ల్యాప్‌టాప్‌లో క్రోమ్ బ్రౌజర్‌లో ఆదేశాలు టైప్ చేసే కన్సోల్ తెరిచి, 9007199254740993ను 3తో భాగిస్తే శేషమెంతని అడిగితే 2 అని చూపింది. అంకెలు కూడితే 78 వస్తోంది కాబట్టి శేషం ఉండకూడదు కదా! ప్రాసెసర్ ఏమైనా పాడైందా సార్?

జవాబు: ప్రాసెసర్ బాగానే ఉంది, మీ కూడికా సరైనదే. మీరు టైప్ చేసిన సంఖ్య భాగహారం దాకా చేరనే లేదు. ఆ సంఖ్యను ఒక్కదాన్నే టైప్ చేసి ఎంటర్ నొక్కి చూడండి, చివరి 3 స్థానంలో 2 కనిపిస్తుంది. 9007199254740992లోని అంకెల మొత్తం 77, కనుక దానికి శేషం 2 రావడం న్యాయమే.

ఈ 9007199254740992 అంటే 53 రెండ్లను గుణిస్తే వచ్చే లబ్ధం. క్రోమ్ వాడే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష మామూలు సంఖ్యలన్నిటినీ 64 బిట్లలో, అంటే 0 గానీ 1 గానీ పట్టే 64 గడుల్లో, దాస్తుంది; అందులో ఒకటి గుర్తుకు, 11 ఘాతానికి, 52 అసలు అంకెలకు పోగా, రాయకుండానే ఉందనుకునే మొదటి 1తో కలిపి 53 బిట్ల కచ్చితత్వం దక్కుతుంది. ఆ హద్దు దాటగానే బేసి సంఖ్యలకు చోటుండదు, ఇంకో రెట్టింపు దాటితే నాలుగుతో నిశ్శేషంగా పోయే సంఖ్యలే మిగులుతాయి. ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాను తూచే కాంటా చిన్న తేడానూ పట్టుకుంటుంది కానీ, లారీని తూచే వేబ్రిడ్జి మీద ఒక్క కిలో తేడా కనబడదు, ఇదీ అంతే. మీ సంఖ్య రెండు సరి సంఖ్యలకు నట్టనడుమ పడింది. అలాంటప్పుడు దాచుకునే ఆ 53 బిట్లలో చివరిది సున్నాగా ఉన్నవైపే సవరించాలన్నది నియమం కనుక 992 వైపు జరిగింది.

సంఖ్య చివర ఖాళీ వదలకుండా ఎన్ అనే చిన్న ఇంగ్లిష్ అక్షరం చేర్చండి, 3 పక్కన కూడా. అప్పుడది బిగ్‌ఇంట్, అంటే ఎంత పెద్దదైనా అంకె పోకుండా దాచే పూర్ణసంఖ్య అవుతుంది, శేషం సున్నా వస్తుంది. పైథాన్ అనే మరో ప్రోగ్రామింగ్ భాషలో పూర్ణసంఖ్యలకు ఈ తిప్పలే లేదు.

నిజానికి అంకెలు కూడకుండానే చెప్పవచ్చు: 2, 4, 8, 16లను 3తో భాగిస్తే శేషాలు 2, 1, 2, 1గా మారుతుంటాయి. 53 బేసి కాబట్టి శేషం 2, దానికి ఒకటి కలిపితే నిశ్శేషం. పిల్లలకు ఈ దారే చూపించమంటాను.

ఎక్సెల్‌లోనైతే ఇంకా ముందే, 15 అంకెల దగ్గరే ఆగి, చివరి 3ను సున్నా చేస్తుంది. పదహారంకెల బ్యాంకు ఖాతా నంబర్లను ఎక్కించేవారు ముందుగా ఆ గడిని టెక్స్ట్‌గా మార్చుకోవాలి. తర్వాత మారిస్తే పోయిన అంకె తిరిగి రాదు.

ఇక హద్దుకు ఒకటి తక్కువైన 9007199254740991 సంగతి. గుణించిన రెండ్ల లెక్క 53 ప్రధాన సంఖ్యే అయినా ఇది ప్రధాన సంఖ్య కాదు. 6361, 69431, 20394401ల లబ్ధం. ఈ గుణకారాన్ని మాత్రం క్రోమ్ ఏ అక్షరమూ చేర్చకుండానే సరిగ్గా చేస్తుంది.