పితూరీలు చెప్పే సిస్టరుతో డ్యూటీ

అమ్మడూ,

ఒడిశాలో రాయగడ ఆసుపత్రి వార్డులో నీతో నర్సు డ్యూటీ చేసే సిస్టరు వార్డు ఇన్‌ఛార్జ్ దగ్గర నీమీద పితూరీలు చెబుతోందని రాశావు. ఆవిడ నోరు మూయించడం నీ చేతిలో లేదు. పితూరీకి పట్టు దొరికే చోట్లు మాత్రం ముఖ్యంగా రెండు: డ్యూటీ అప్పగించే వేళ, మందుల షీటు. వాటిని బిగించుకో.

ముందు ఆవిడ చెప్పినవాటిని విడదీసి చూసుకో. రోగికి సంబంధించినవి వేరు, నీ ఫోను, నీ రాకపోకలు, నీ మాటతీరు గురించినవి వేరు. మొదటి రకంలో సగం నిజమున్నా దాన్ని చాడీ అనకు, వెంటనే సరిచెయ్యి. చెప్పిన మనిషి మీద కోపంతో కాన్యులా (సెలైన్ కోసం నరంలో పెట్టే సన్న గొట్టం) దగ్గర వాపు చూడకపోతే బాధపడేది రోగే.

డ్యూటీ అప్పగించేటప్పుడు స్టేషన్‌లో కూర్చుని రిజిస్టరు చదివేసి వెళ్లిపోకు. ఇద్దరూ మంచం మంచానికీ నడవండి. కాన్యులా వేసిన తేదీ, చుట్టూ ఎరుపుందా, సీసాలో ఎంత మిగిలింది, యూరిన్ బ్యాగులో ఎంతుంది, చివరి డోసు ఎప్పుడు పడింది, ఏ రిపోర్టు రావాలి, ఇవన్నీ చూపించి అక్కడే సంతకం తీసుకో. డ్రిప్పు మీద మాట పడటం చాలా తేలిక. 500 ఎంఎల్ 4 గంటల్లో వెళ్లాలంటే, ఎంఎల్‌కి 20 చుక్కలు పడే సెట్టుతో నిమిషానికి 42 చుక్కలు. నువ్వు సరిగ్గానే పెడతావు. రోగి మోచెయ్యి మడుస్తాడు, లేదంటే తోడొచ్చినవాళ్లు డ్రిప్పు గొట్టం మీది చక్రం తిప్పేస్తారు. సీసా మీద ప్లాస్టర్ ముక్క అంటించి మొదలుపెట్టిన టైము, గంట గంటకీ నీరు ఎక్కడికి దిగాలో గీతలు పెట్టు. అరగంటకోసారి చుక్కలు లెక్కపెట్టు.

మందు వేశాకే టిక్కు. పని తేలికవుతుందని ముందే టిక్కులు పెట్టేయడం మన వార్డుల్లో పాత జబ్బు. ఇన్సులిన్ తీసేటప్పుడు సీసా మీద ఎంఎల్‌కి 40 యూనిట్లని ఉందో 100 అని ఉందో చదివి, దానికి తగ్గ సిరంజే పట్టుకో: 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత. 100 మందును 40 సిరంజిలో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. పొటాషియం క్లోరైడ్ అయితే ఎప్పుడూ నేరుగా నరంలోకి కొట్టకూడదు, సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించాల్సిందే. ఈ రెండింటికీ రెండో సంతకం ఆ సిస్టరు చేతనే పెట్టించు. తాను చూసి సంతకం పెట్టినదాని మీద ఆవిడ ఏమని పితూరీ చెబుతుంది?

తప్పు జరిగితే డాక్టరుకూ ఇన్‌ఛార్జ్‌కూ ముందు నువ్వే చెప్పు. ఇన్సిడెంట్ రిపోర్టు రాయి. షీటులో తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, టైము, సంతకం పెట్టు. వైట్‌నర్ పూస్తే దాచావనే అంటారు.

ఇంకోటి. స్టేషన్ దగ్గర మనవాళ్లతో తెలుగులో గుసగుసలు ఆపు. ఆ ఒడియా సిస్టరుకు అది తన గురించేననిపిస్తుంది. పైగా రాయగడ, గుణుపూర్ వైపు ఒడియావాళ్లకు నువ్వనుకున్నదానికన్నా తెలుగు బాగానే వచ్చు!

ఆవిడతో ఒక్కసారి నేరుగా మాట్లాడు. డ్రెస్సింగ్ రూములో, ఎవరూ లేనప్పుడు, ఒడియాలోనే. "దీదీ, నా పనిలో ఏదైనా లోపం కనిపిస్తే ముందు నాకు చెప్పండి. రోగికి ప్రమాదమైతే మాత్రం ఆగొద్దు, వెంటనే ఇన్‌ఛార్జ్‌కి చెప్పండి" అను. అంతే, పాత లెక్కలు తియ్యకు. వాట్సాప్‌లో జవాబులొద్దు. నిరూపించుకోవాలని కేసు షీటు ఫొటో తీసి ఎవరికైనా పంపావో, అసలు తప్పు నీదే అవుతుంది.

ఇన్‌ఛార్జ్ పిలిస్తే ఏడవకు, ఆ సిస్టరు తప్పులు ఎత్తకు. "ఏ రోజు, ఏ బెడ్డు, ఏ షిఫ్టు మేడమ్?" అని అడిగి ఆ చార్టు తెచ్చి చూపించు. అప్పుడు మాట్లాడేది చార్టే.

మాట నీ నడవడిక మీదకో, కులం మీదకో పోతే నోటిమాటతో వదలకు. తేదీ, అన్న మాట, విన్నవాళ్లు, ఇవి ఒక పుస్తకంలో రాసుకుంటూ నర్సింగ్ సూపరింటెండెంట్‌కి కాగితం ఇవ్వు. లైంగికంగా వేధించే మాటలైతే, 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి, అక్కడికి 3 నెలల్లోపు వెళ్లాలి. షిఫ్టు మార్చమని అడిగినా రాతపూర్వకంగానే అడుగు. నీ కాపీ మీద "అందింది" అని సంతకం, తేదీ వేయించుకో.

ఇట్లు,
మీ పెద్దమ్మ