మోకాళ్ల నొప్పుల థీసిస్‌కి నొప్పి స్కోరు ఒక్కటే సరిపోతుందా?

మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లకి తొడ కండరాల ఎక్సర్‌సైజులు ఇచ్చి, ముందొకసారి, ఆరు వారాలయ్యాక ఒకసారి నొప్పి స్కోరు తీస్తే ఎంపీటీ (ఫిజియోథెరపీ పీజీ) థీసిస్‌కి చాలదా అని అడిగారు. చాలదండీ. ఆసుపత్రి ఓపీడీలో (అవుట్‌పేషంట్ విభాగంలో) పని చేస్తూ ఇలాంటి స్టడీలకి స్కోర్లు తీసిన అనుభవంతో చెబుతున్నాను.

సున్నా నుంచి పదిలో నొప్పి ఎంత అంటే మన పెద్దవాళ్లు చాలామంది అంకె చెప్పరు. "నీ హస్తవాసి మంచిదమ్మా, తగ్గింది" అంటారు. ఎక్సర్‌సైజులు నేర్పిన మనిషే ఎదురుగా కూర్చుని అడుగుతుంటే తగ్గలేదనడానికి మొహమాటం. అందుకే స్కోరు తీసేవాళ్లు వేరే ఉండాలి, పోల్చడానికి రెండు గ్రూపులు పెడితే పేషంట్ ఏ గ్రూపో వాళ్లకి తెలియకూడదు. మీ గైడ్ పట్టించుకోకపోయినా ఇది మాత్రం వదలకండి.

ప్రశ్నావళికి వోమాక్ (కీళ్ల అరుగుదల ఉన్నవాళ్ల కోసం తయారుచేసినది) తీసుకోవచ్చు. మొత్తం 24 ప్రశ్నలు: నొప్పి మీద 5, బిగుసుకుపోవడం మీద 2, రోజువారీ పనుల మీద 17. అది కెనడాలో పుట్టింది కాబట్టి మేజోళ్లు తొడుక్కోవడం, స్నానాల తొట్టిలోకి దిగడం లాంటివి ఉంటాయి. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం అందులో లేవు. మా దగ్గరికొచ్చేవాళ్ల అసలు బాధంతా అక్కడే! పూజ దగ్గర కింద కూర్చుని లేవలేకపోవడం, ఊరెళ్తే ఇండియన్ టాయిలెట్ గురించి టెన్షన్.

ఆ లోటు పేషంట్ స్పెసిఫిక్ ఫంక్షనల్ స్కేల్ తీరుస్తుంది. కష్టంగా ఉన్న మూడు నాలుగు పనులు పేషంటే చెబుతారు, ఒక్కోదానికి 0 నుంచి 10 వేస్తారు. ఇక్కడ 0 అంటే అసలు చేయలేకపోవడం, 10 అంటే మునుపటిలా చేయగలగడం. నొప్పి స్కేలుకి ఇది తలకిందులు. రెండూ వెంటవెంటనే అడిగితే గందరగోళపడతారు, మధ్యలో నడిపించే టెస్ట్ ఏదైనా పెట్టండి. ఒక్కొక్కరు ఒక్కో పని చెబుతారు కాబట్టి గ్రూపులు పోల్చడానికి దీన్ని ప్రధాన కొలతగా పెట్టకండి, తోడుగా ఉంచండి.

కళ్లతో చూసి కొలిచేది ఒకటి తప్పనిసరి. 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టే టెస్ట్ చాలా తేలిక. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తు కుర్చీని గోడకి ఆనించండి, చేతులు గుండెల మీద ముడుచుకోమనండి. మోకాళ్ల మీద చెయ్యి ఆనించి లేస్తే లెక్కలోకి రాదు. రెండుసార్లూ అదే కుర్చీ వాడాలి, ఓపీడీలో కుర్చీలు మారిపోతుంటాయి.

పీ వాల్యూ (గణాంకాల లెక్కలో తేడా ఉందని చూపే అంకె) వచ్చేసిందని సంబరపడకండి. దీర్ఘకాలిక నొప్పిలో పది పాయింట్ల స్కేలు మీద సుమారు 2 పాయింట్లు తగ్గితేనే పేషంట్‌కి తేడా తెలిసినట్టు లెక్క. అర పాయింటు తగ్గితే గణాంకాల్లో గొప్పే గానీ మెట్లెక్కేవాళ్లకి ఒరిగేదేమీ లేదు.

ఇంటి దగ్గర ఎక్సర్‌సైజులు చేశారో లేదో టిక్ పెట్టే కాగితం ఇవ్వండి. వోమాక్‌కి అనుమతి ముందే అడగండి. సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ కూడా మొదటి పేషంట్‌ని చేర్చుకోకముందే అయిపోవాలి, 2018 ఏప్రిల్ నుంచి మొదలైపోయిన ట్రయల్స్‌ని వాళ్లు తీసుకోవడం లేదు.