వానరోజున పెద్దలతో, పిల్లలతో వెళ్లదగిన చోటు

ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఉంటున్న మీరు, గుంటూరు నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలతో, వాన కురిసినా ఇబ్బంది లేకుండా ఆదివారం ఎక్కడికి వెళ్లవచ్చో అడిగారు. యార్క్‌లోని నేషనల్ రైల్వే మ్యూజియం మీకు అన్ని విధాలా సరిపోతుందని నా గట్టి నమ్మకం. ప్రవేశం ఉచితం, స్టేషన్ పక్కనే ఉంది కనుక మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికీ శ్రమ ఉండదు. 1938లో గంటకు 126 మైళ్ల వేగంతో ఆవిరి ఇంజన్ల ప్రపంచ రికార్డు నెలకొల్పిన నీలిరంగు మాలార్డ్ ఇంజన్ అక్కడే ఉంది. దాని పెద్ద చక్రాలు ఆరున్నర అడుగులకు పైబడినవి కాబట్టి, పక్కన నిలబడితే మీ నాన్నగారు కూడా తలెత్తి చూడవలసిందే. జపాన్ బుల్లెట్ రైలు పెట్టె కూడా పిల్లలకు తప్పక చూపించండి. యార్క్‌కు రైల్లో వెళ్లేందుకు ఫ్యామిలీ అండ్ ఫ్రెండ్స్ రైల్‌కార్డు అనే రాయితీ కార్డు తీసుకుంటే, పిల్లలు వెంట ఉన్నంతవరకు, నలుగురు పెద్దల వరకు టికెట్లలో మూడో వంతు, 5 నుంచి 15 ఏళ్ల పిల్లల టికెట్లలో 60 శాతం తగ్గుతుంది.