పార్టిషన్ గోడకి అతుకా, కొత్త బోర్డా?

చిత్తూరు, గ్రీంస్‌పేట

చి.ల.సౌ. మేనకోడలికి మామ ఆశీస్సులు.

మీ ఇంటి జిప్సం బోర్డు పార్టిషన్‌వీ, సీలింగ్‌దీ వాట్సప్‌లో నువ్వు పంపిన ఫొటోలు మూడూ పెద్దవి చేసుకుని చూశాను. పెయింటరేమో పుట్టీ పూసి రంగేస్తే చాలన్నాడనీ, ఇంటీరియర్ పిల్లోడు మొత్తం పీకేసి కొత్త బోర్డు వేయాలంటున్నాడనీ రాశావు. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదమ్మా. ఎవరి చేతికి ఏ పని అలవాటో వాళ్లకి ఆ మందే గుర్తొస్తుంది. ఫోన్లో చెబితే పిల్లల గోలలో సగం వినపడదు, అందుకే కాగితం తీసుకున్నాను.

బొక్క ఎంత పెద్దదని కాదు, ఎందుకు పడిందని చూడు. దెబ్బ తగిలి పగిలిన బోర్డు ఆ పగిలిన చోట తప్ప మిగతా అంతా గట్టిగానే ఉంటుంది. దానికి అతుకు చాలు. నీళ్లు తాగి చెడిన బోర్డు అట్లా కాదు, పైకి అరచేతి మచ్చ కనిపిస్తే లోపల మూరెడు పాడై ఉండొచ్చు. జిప్సం బోర్డంటే రెండు దళసరి కాగితాల మధ్య జిప్సం పోసి ఆరబెట్టినది. దాని బలం చాలావరకు ఆ కాగితాలదే. తడిసి కాగితం విడిపోయిందా, మిగిలేది సుద్దముక్క. దాని మీద ఎంత మంచి పుట్టీ పూసినా రెండు నెలల్లో పెచ్చులూడుతుంది.

ఇంక ఫొటోలు. మొదటిది హాల్లో తలుపు పిడి కొట్టుకుని పడిన బొక్క. దానికి కొత్త బోర్డు అక్కర్లేదు. చుట్టూ వేళ్ల కణుపులతో కొట్టి చూడు, ఖంగున మోగితే మంచిది, దబ్‌దబ్‌మని మొద్దుగా వస్తే అంతవరకూ లోపల చెడినట్టే. మేకు బొక్కలు, నిమ్మకాయంత బొక్కల వరకూ మెష్ టేపు (వలలా ఉండే టేపు) అంటించి జాయింటింగ్ కాంపౌండ్ (బోర్డు సందులు పూడ్చే ముద్ద) పూస్తే సరిపోతుంది. నీది అరచేయంత ఉంది కాబట్టి చతురస్రంగా కోయించు. గుండ్రంగా వద్దు, గుండ్రటి ముక్క సరిగ్గా కోయడం ఎవరి వల్లా కాదు. కోసిన సందులోంచి ఒక రీపరు చెక్క లోపలికి పంపి, అటూ ఇటూ 25 మిల్లీమీటర్ల నల్ల స్క్రూలతో బోర్డుకి బిగిస్తారు. దాని మీద అదే మందం, అంటే 12.5 మిల్లీమీటర్ల ముక్క కూర్చోబెట్టి స్క్రూ చేస్తారు. స్క్రూ తల కాగితంలోకి కొంచెం దిగాలి, కాగితం చిరగకూడదు. చిరిగితే ఆ స్క్రూ పట్టు లేనట్టే, పక్కన ఇంకోటి వేయమను.

ఆ తర్వాతదే అసలు పని, మనవాళ్లు తొందరపడేదీ అక్కడే. సందుల మీద పేపర్ టేపు, దాని మీద కాంపౌండ్ మూడు పూతలు, ఒక్కోటీ ముందుదాని కంటే వెడల్పుగా రావాలి. పూతకీ పూతకీ మధ్య మామూలు రోజుల్లో ఒక రోజు ఆగాలి. ఇప్పుడు కార్తీక మాసపు ముసురు కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. "ఒక్కరోజులో చేసిస్తాను" అన్నవాడు తడి మీద తడి పూస్తాడు, ఆరాక అక్కడ గుంట పడుతుంది. టేపు లేకుండా సిమెంటు వాల్ పుట్టీతోనే సందు పూడ్చేవాళ్లు కూడా ఉన్నారు. ఎండాకాలం రాగానే ఆ సందు గీత గీసినట్టు చీలుతుంది. మన తిరుపతి ఎండ సంగతి నీకు చెప్పాలా!

రెండో ఫొటో నాకు నచ్చలేదు. అదే పార్టిషన్‌లో కింద, స్కర్టింగ్ టైలుకి (గోడ అడుగున నేల వెంబడి అంటించే టైలు) పైన రంగు బుడగలు లేచి ఉబ్బింది చూడు, అది దెబ్బ కాదు. శుక్రవారం శుక్రవారం ఇల్లు బకెట్లతో కడుగుతారు కదా మీ అత్తగారు, ఆ నీళ్లు. బిగించేటప్పుడు బోర్డుని నేలకి ఆనించకుండా సెంటీమీటరు ఖాళీ వదలాలి. మీ ఇంట్లో నేలకే ఆనించి, ముందు టైలు అంటించేసి ఉంటారు. కడిగిన ప్రతిసారీ నీళ్లు టైలు వెనక్కి చేరి బోర్డు అడుగంచుకి తగులుతాయి, అది వత్తిలాగా పైకి పీల్చుకుంటుంది. ముందునుంచి టైలు తళతళా మెరుస్తూనే ఉంటుంది, వెనక మాత్రం అంచు పిండైపోతుంది.

పెయింటరు పుట్టీ పూయక ముందే ఒక టైలు జాగ్రత్తగా ఊడదీయించు. స్క్రూడ్రైవరు మొన పెట్టి నెమ్మదిగా నొక్కు. మంచి బోర్డులో మొన కొంచెం దిగి ఆగుతుంది. చెడినదాంట్లో తడిసిన బిస్కెట్టులో దిగినట్టు పోతుంది. అట్లా పైకి జానెడు జానెడు నొక్కుకుంటూ వెళ్లి, గట్టి తగిలిన చోట పెన్సిల్ గీత పెట్టు. ఆ గీతకి ఒక అడుగు పైన అడ్డంగా కోసి కింది భాగం తీసేయాలి. పై బోర్డంతా పీకే పనిలేదు, ఇంటీరియర్ అబ్బాయికి ఆ మాట గట్టిగా చెప్పు.

కోసినప్పుడు లోపల మూడు సంగతులు చూడు. నల్లటి, పచ్చటి బూజు కాగితం వెనకవైపు పట్టి ఉందా. శబ్దం రాకుండా దూది పెట్టి ఉంటే అది తడిసిందా, తడిసుంటే పారేయాలి, ఆరబెట్టి మళ్లీ పెట్టకూడదు. ఇంక మూడోది చెదలు. బోర్డు కాగితం చెదలకి ఇష్టం, మట్టి గీతలు కనిపిస్తే ముందు చెదల మందు కొట్టేవాళ్లని పిలిపించు, అది తేలేదాకా బోర్డు కొనొద్దు.

కోసి తీసేసిన ఆ కింది పట్టీకి నేనైతే మళ్లీ జిప్సం వేయించను. 12 మిల్లీమీటర్ల సిమెంటు ఫైబర్ బోర్డు దొరుకుతుంది, అది వేయించు, నేలకి సెంటీమీటరు ఎత్తులో. పచ్చ రంగు జిప్సం బోర్డు తడికి ఆగుతుందని షాపులో చెప్తారు. ఆగుతుంది, బాత్‌రూమ్ బయటి గోడకి, గాలిలో తేమకి. నీళ్లలో నిలబడి ఉండమంటే అదీ ఉండదు. మీ అత్తగారికి కడగొద్దని చెప్పమనడం లేదు, ఆ గొడవ నాకెందుకు. పార్టిషన్ దగ్గర మాత్రం తుడవమని చెప్పు చాలు.

2021 నవంబరులో తిరుపతి వీధులన్నీ ఏరులైనప్పుడు కింది అంతస్తు ఇళ్లలో ఇదే తంతు. నీళ్లు మోకాలి వరకే వచ్చినా నడుము దాకా బోర్డు తడి పీల్చింది. పైకి ఆరినట్టు కనిపిస్తోందని రంగేసినవాళ్లకి సంక్రాంతి నాటికి గదిలో ముక్కు మూసుకోవలసి వచ్చింది. తడిసిన బోర్డుకి ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది, ఆరిందా లేదా అనేది చేతితో తడిమి తెలుసుకునేది కాదు.

మూడోది బెడ్‌రూమ్ ఫాల్స్ సీలింగ్ మీద టీ మరకలాంటి గోధుమ రంగు వలయం. ఇక్కడ మాత్రం ఎవరినీ పనికి పిలవొద్దు, ముందు నీళ్లు ఎక్కడినుంచో తేల్చు. మరక అంచు చుట్టూ పెన్సిల్‌తో గీసి పక్కన తేదీ రాయి. వాన పడిన మర్నాడు గీత దాటితే మిద్దె కారుతున్నట్టు. వాన లేకుండా, ఏసీ వేసిన రాత్రుల తర్వాత దాటితే ఏసీ నీళ్ల పైపు మూసుకుపోయినట్టు. రెంటికీ కదలకపోతే పాత మరక, అదృష్టం. మిద్దె కారుతుంటే వాటర్‌ప్రూఫింగ్ అయ్యేదాకా కింద రూపాయి ఖర్చు పెట్టొద్దు.

మరక పాతదై, నొక్కితే గట్టిగా ఉండి, వంగి లేకపోతే బోర్డు మార్చక్కర్లేదు. మామూలు ఎమల్షన్ ఎన్ని పూతలేసినా ఆ గోధుమ రంగు మళ్లీ పైకి వస్తుంది, అందుకే ముందు ఆయిల్ ప్రైమర్ ఒక పూత వేయించి తర్వాత రంగు వేయించు. కానీ సీలింగ్ వేలెడంత కిందికి జారినా, స్క్రూ తలలు బయటికి తన్నుకొచ్చినా, అతుకు మాట ఎత్తొద్దు. ఆరడుగుల నాలుగడుగుల బోర్డు ఒకటి పొడిగా ఉన్నప్పుడే దాదాపు ఇరవై కిలోలు, నీళ్లు తాగితే ఇంకెంతో. దాని కింద పిల్లలు పడుకుంటారు. గోడకి అతుకు చెడితే అందం పోతుంది, సీలింగ్ అతుకు చెడితే తలకాయ పోతుంది. ఎప్పుడైనా నీళ్లు నిండి పొట్టలా వేలాడితే మంచం జరిపి, కింద బకెట్ పెట్టి, పక్కకి నిలబడి స్క్రూడ్రైవరుతో చిన్న బొక్క పొడవాలి. నీళ్లు దిగిపోతే బోర్డంతా ఒక్కసారి కూలదు. అన్నిటికంటే ముందు ఆ గది ఎంసీబీ (ఆ గదికి కరెంటు ఆపే స్విచ్చి) ఆపేయాలి. గోడ కోసేటప్పుడూ అంతే, లోపల వైరు పైపు ఏ దారిన పోయిందో పైనుంచి తెలియదు.

డబ్బు సంగతి అడిగావు. రేట్లు వారానికొకటి మారతాయి, నేను రాస్తే నువ్వు మోసపోతావు. లెక్క మాత్రం చెప్తాను. అతుకేసినా బోర్డు మార్చినా మేస్త్రీ రావాలి, సందులకి మూడు పూతలూ తప్పవు, రంగు గోడంతా వేయాలి. అతుకు మీద మాత్రమే రంగేస్తే పాత రంగులో అది వెలుతురుకి వేరుగా కొడుతుంది. అంటే నీకు మిగిలేది బోర్డు ఖరీదు, కొంచెం కూలీ. అందుకని ఒకే బోర్డు మీద మూడు నాలుగు చోట్ల అతుకులు పడేట్టుంటే మార్చేయడమే మేలు. మార్చేటప్పుడు ముక్క చానల్ (బోర్డు వెనక దాన్ని పట్టి ఉంచే ఇనప పట్టీ) నడిమి నుంచి చానల్ నడిమి వరకూ రావాలి, గాలిలో సందు వదలకూడదు. చానళ్లు మామూలుగా రెండడుగులకొకటి ఉంటాయి. ఫ్రిజ్ మీద అంటించుకునే అయస్కాంతం ఒకటి తీసి గోడ మీద నెమ్మదిగా జరుపు, స్క్రూ ఉన్నచోట టక్కున పట్టుకుంటుంది. ఆ వరసంతా పెన్సిల్‌తో గుర్తుపెడితే మేస్త్రీకి ఊరికే బొక్కలు పొడిచే పని తప్పుతుంది.

ఈ ఆదివారం మీ ఆయన చేత ఆ స్కర్టింగ్ టైలు ఊడదీయించి లోపలి ఫొటో పంపు. పెయింటర్‌కి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే తలుపు బొక్క ఒక్కటీ చేయమను. ముసురు తగ్గాక నేను రేణిగుంట వైపు పని మీద వస్తాను, అప్పుడు మేస్త్రీని నేనే మాట్లాడతాను. అత్తయ్య మామిడి తాండ్ర కట్టి ఉంచింది, తెస్తాను.

ఇట్లు,
మీ మామ