‘అంటారు’ అంటే ఎవరు?

సందేహం: రామప్ప గుడి గురించి వికీపీడియా వ్యాసంలో నాలుగు పేరాలు చేర్చాను. ‘ప్రపంచంలోనే సాటిలేని శిల్పసంపద’, ‘ఈ గుడిని చూడని జన్మ వృథా’ వంటి వాక్యాలను ఎవరో తీసేసి, ‘ఇది అభిప్రాయం’ అని కారణం రాశారు. నా తెలుగులో తప్పేముంది? అభిప్రాయమే లేకపోతే అది వ్యాసమా, సామాన్ల చిట్టీనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ తెలుగులో తప్పేమీ లేదు. ‘చూడని జన్మ వృథా’ మంచి వాక్యమే. అక్కడి నందిని చూసినప్పుడు నేనూ దాదాపు అదే అనుకున్నాను. కానీ ఆ మాట అంటున్నది ఎవరు? పత్రికలో అయితే వ్యాసం పైన మీ పేరు ఉంటుంది. విజ్ఞాన సర్వస్వంలో ఒకే పేరాలో పదిమంది చెయ్యి పడుతుంది, ‘నాకు నచ్చింది’ అనడానికి అక్కడ ‘నేను’ ఉండడు. తటస్థంగా రాయాలనీ, ప్రతి మాటకూ మూలం చూపాలనీ వికీపీడియాలో నియమాలు పెట్టుకున్నది అందుకే.

‘సాటిలేని’ తీసేస్తే వ్యాసం చప్పబడుతుందని భయపడకండి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఈ గుడి కట్టించాడు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లమీద తేలేంత తేలిక. పునాది గుంతలో ఇసుక నింపి దానిమీద కట్టడం లేపారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత చదివినవాడు ‘అబ్బ!’ అని తనే అనుకుంటాడు.

విశేషణాలు ఏరేయడం తేలిక. అసలు తంటా ‘అంటారు’తో. మేడారంలో బెల్లాన్ని ‘బంగారం’ అంటారు. ఈ ‘అంటారు’ సరైనదే. జాతరకు పోయేవాళ్లందరి నోటా వినిపించే మాట అది. ‘సమ్మక్క చిలకలగుట్ట మీద కుంకుమ భరిణెగా వెలిసిందని భక్తుల నమ్మకం’ అన్నా సరే, నమ్మకం ఎవరిదో వాక్యంలోనే ఉంది. ‘ఇది ఆసియాలోనే అతిపెద్ద గిరిజన జాతర అంటారు’ అన్నచోట మాత్రం ఆగాలి. ఎవరన్నారు? ఏ జాతరలతో పోల్చారు? ఆ క్రియకు కర్త లేడు, రాసినవాడి మురిపెం దాని చాటున కూచుంది. ప్రభుత్వ ప్రచురణలోనో పరిశోధన గ్రంథంలోనో ఉంటే ఆ పేరు చెప్పి రాయండి. రామప్పను మార్కోపోలో మెచ్చుకున్నాడన్న ప్రచారానికీ ఇదే పరీక్ష: ఎక్కడ రాశాడో చూపించాలి. ‘మెచ్చుకున్నాడట’ అని ‘ట’ తగిలించినంత మాత్రాన బాధ్యత తప్పదు.

మీ పేరాల్లో ‘రుద్రుడు గారు’ అని లేదు కానీ, చాలామందికి గారు, శ్రీ, మహానుభావుడు లేకపోతే చెయ్యి ఆడదు. తెలుగు వికీపీడియాలో ‘కాళోజీ 1914లో జన్మించాడు’ అనే రాస్తారు. వరంగల్లో కాళోజీని ‘డు’ అనడానికి మనకు నోరు రాదు, నిజమే. అయితే ‘పోతన భాగవతం రాశాడు’ అని చిన్నప్పటినుంచీ బడిలో చదువుకున్నాం. పోతనను తక్కువ చేశామని ఎవరికీ అనిపించలేదు.

పోతన పేరెత్తాం కాబట్టి ఆయన ఊరి గొడవా చూద్దాం. పాలకుర్తి దగ్గరి బమ్మెర అని మనం, కడప వైపు ఒంటిమిట్ట అని వాళ్లు. మా ఓరుగల్లులో ఈ మాట ఎత్తితే టీ చల్లారుతుంది గానీ వాదన చల్లారదు. నాకైతే బమ్మెరే, అందులో సందేహం లేదు. అయినా ఆ పేజీ నేను దిద్దితే రెండు వాదాలూ ఎవరెవరివో, దేన్ని ఆధారం చేసుకున్నారో రాసి ఊరుకుంటాను. అంటే అభిప్రాయాన్ని గెంటేసినట్టు కాదు. ఫలానావారి అభిప్రాయంగా లోపలికి రానిచ్చినట్టు.

మీరు మొదట రాసిన ఆ నాలుగు పేరాలు పారేయకండి. కొంచెం పెంచి, మీ పేరుతో ఏదైనా పత్రికకు పంపండి. ‘జన్మ వృథా’ కూడా అలాగే ఉంచండి. అచ్చయ్యాక దాన్ని మీరే తెచ్చి వికీపీడియాలో మూలంగా పెట్టుకోకండి, అది సొంత డప్పు అవుతుంది. అంత విలువ ఉందనుకుంటే ఇంకొకరు మీ పేరు చెప్పి ఉటంకిస్తారు.